చిన్న ట్రైలర్, పాత జీపు: బచేలి నుంచి వారాంతపు విడిది

ఒకటి రెండు రాత్రులు ఆరుబయట గడపడానికి కావలసిన పడక, వంటసామాను, నీళ్లు, గుడారం ఒక చిన్న రెండు చక్రాల బండిలో సర్దుకుని, దాన్ని ఇంట్లో ఉన్న పాత జీపుకో బొలెరోకో తగిలించుకుని వెళ్లే విహారమే ట్రైలర్ క్యాంపింగ్. ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఇది సుమారు నూరేళ్లుగా సాగుతున్న అలవాటు. భారతదేశంలో మాత్రం ఇప్పటికీ కొద్దిమంది ఉత్సాహవంతులకే పరిమితం. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా బచేలిని కేంద్రంగా తీసుకుని, ఆ చుట్టుపక్కల కొండదారుల్లో ఈ విహారానికి ఏం కావాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఈ వ్యాసం చెబుతుంది.

బచేలిని ఎంచుకోవడానికి కారణం ఉంది. శని, ఆదివారాల్లో వెళ్లి రాగలిగినంత దూరంలో ఇన్ని జలపాతాలు, ఇన్ని పాత గుళ్లు, ఇంత అడవి ఉన్న పారిశ్రామిక పట్టణాలు దేశంలో అరుదు. గని ఊరు కాబట్టి వెల్డింగు చేసేవారు, డీజిలు ఇంజను విప్పి బిగించగల మెకానిక్కులు దొరుకుతారు. పైగా ఈ ఊరికి తెలుగువారితో దగ్గరి బంధం ఉంది. ఇక్కడి గనులు నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది, ఇక్కడి ఖనిజం చేరే రేవు విశాఖపట్నం.

కొండ, ఊరు, దారులు

బైలాడిలా అంటే ఎద్దు మూపురం. ఉత్తర దక్షిణాలుగా సుమారు 40 కిలోమీటర్లు సాగే ఈ కొండల వరస కొన్ని శిఖరాల దగ్గర 1,200 మీటర్లు దాటుతుంది. దాని తూర్పు పాదాన బచేలి, మరో పన్నెండు కిలోమీటర్ల దూరంలో కిరందుల్ ఉన్నాయి. కొండ మీది గనుల దగ్గర ఆకాశ్‌నగర్, కైలాశ్‌నగర్ వెలిశాయి. అక్కడికి ఎక్కే ఘాట్ రోడ్డు గనుల సంస్థ అదుపులో ఉంటుంది. అనుమతి లేకుండా వెళ్లడం కుదరదు. విశ్వకర్మ పూజ రోజున సామాన్యులకు దారి వదిలే ఆనవాయితీ ఉంది గానీ, ఆ జనంలోకి ట్రైలర్ తగిలించుకుని వెళ్లడం ఎవరికీ మంచిది కాదు.

బచేలి నుంచి దంతెవాడ సుమారు 30 కిలోమీటర్లు. అక్కడి నుంచి గీదం పన్నెండు. గీదంలో జాతీయ రహదారి 63 కలుస్తుంది. తూర్పుకు తిరిగితే జగ్దల్‌పూర్, పడమరకు తిరిగితే బీజాపూర్, భోపాలపట్నం మీదుగా తెలంగాణ వైపు దారి. బచేలి నుంచి జగ్దల్‌పూర్‌కు మొత్తం 110 కిలోమీటర్ల పైచిలుకు. విశాఖ నుంచి వచ్చేవారికి సాలూరు, సుంకి ఘాట్, కోరాపుట్, జయపూర్ మీదుగా జగ్దల్‌పూర్ రోడ్డు ఉంది. రైలులో వచ్చేవారికి కొత్తవలస–కిరందుల్ మార్గం ఉంది.

ఆ రైలు మార్గాన్ని ఇక్కడ తలచుకోవడానికి ప్రత్యేక కారణం ఉంది. జపాను ఉక్కు కర్మాగారాలకు బైలాడిలా ఇనుప ఖనిజం పంపడానికి 1960లో కుదిరిన ఒప్పందం వల్ల పుట్టిన దారి అది. సుమారు 446 కిలోమీటర్ల పొడవు, 58 సొరంగాలు. 1968లో 14వ నిక్షేపం, 1977లో బచేలి వైపు 5వ నిక్షేపం యంత్రాలతో పని మొదలుపెట్టాయి. ఖనిజం కొండ మీది నుంచి కన్వేయర్ బెల్టు మీద దిగుతుంది, తర్వాత రైలెక్కి తూర్పు కనుమల్లో అరకు, అనంతగిరి వంపుల గుండా సముద్రం దాకా దిగుతుంది. బరువును అదుపు తప్పకుండా కిందికి దించడమే ఈ ప్రాంతపు ఇంజనీర్లు అరవై ఏళ్లుగా చేస్తున్న పని. పాత జీపుకు ట్రైలర్ కట్టుకుని బయల్దేరే కుటుంబానికి ఎదురయ్యే పరీక్ష కూడా, చిన్న మోతాదులో, అదే.

ఎడ్లబండి నుంచి జీపు ట్రైలర్ దాకా

విడిది సామాను వెంట తీసుకుని, బచేలి ఉన్న ఈ బస్తరు ప్రాంతపు అడవుల్లో తిరగడం కొత్త సంగతి కాదు. భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ 1899–1900 ప్రాంతంలో బైలాడిలా ఇనుప ఖనిజం గురించి రాశారు. 1934–35లో జియలాజికల్ సర్వేకు చెందిన క్రుక్‌శాంక్ కొండలను కొలిచి, నిక్షేపాలకు 1 నుంచి 14 వరకు అంకెలు వేశారు. 5వ నిక్షేపం, 14వ నిక్షేపం అని గని కార్మికులు ఈనాటికీ చెప్పుకునేవి ఆ అంకెలే. ఆ కాలంలో సర్వే అధికారుల గుడారాలు, పెట్టెలు ఎడ్లబండ్ల మీద, బండి పోని చోట మనుషుల తలల మీద కదిలేవి. 1927 నుంచి 1931 వరకు బస్తరు పాలనాధికారిగా ఉన్న గ్రిగ్సన్, ఆ తర్వాత వెరియర్ ఎల్విన్ ఇక్కడి ఆదివాసుల జీవితాన్ని గ్రంథస్థం చేయగలిగింది ఊరూరా విడిది చేసినందువల్లే. ఆ విడిదుల బరువు మోసిన కూలీల పేర్లు మాత్రం ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

సరదా కోసం ఇంటిని చక్రాల మీద పెట్టుకోవడం ఇంగ్లండులో గుర్రాలతో మొదలైంది. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు ‘వాండరర్’ అనే గుర్రపు బండిని చేయించుకుని దేశం తిరిగాడు. 1907లో అక్కడ కారవాన్ క్లబ్బు ఏర్పడింది. మోటారు కారు వెనక కట్టే బళ్లు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చాయి. 1930లలో అమెరికాలో కన్నీటి చుక్క ఆకారపు చిన్న ట్రైలర్లు పుట్టాయి. లోపల ఇద్దరు పడుకునే చోటు, వెనక తలుపు ఎత్తితే వంటగట్టు. ఈ అమరిక ఇప్పటికీ మారలేదు, మార్చవలసిన అవసరమూ కనిపించదు.

మన దేశానికి దగ్గరి వంశం మాత్రం సైన్యం నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జీపు వెనక కట్టడానికి బాంటమ్ కంపెనీ పావు టన్ను ట్రైలర్ తయారు చేసింది. నీళ్లు చొరబడని రేకు తొట్టి, రెండు చక్రాలు. వాగు దాటేటప్పుడు అది తేలుతుంది. 1947లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి ఇక్కడ బిగించడం మొదలుపెట్టాక, జీపు, దాని వెనక చిన్న ట్రైలర్ అనే జంట మన సైన్యంలోనూ ప్రభుత్వ శాఖల్లోనూ స్థిరపడింది. జబల్‌పూర్‌లో తయారైన జోంగా జీపులు కూడా ఈ తరానివే.

లాగే బండి

ఈ ప్రాంతంలో దొరికే పాత బళ్లలో ట్రైలర్ లాగడానికి పనికొచ్చేవి నిచ్చెన చట్రం మీద కట్టినవి. మహీంద్రా ఎంఎం540, కమాండర్, మార్షల్, ఆర్మడా, తొలినాటి బొలెరో, టాటా సుమో, మారుతీ జిప్సీ ఈ కోవలోకి వస్తాయి. చట్రానికి వెనక అడ్డుదూలం ఉంటుంది కాబట్టి హుక్కును దానికి బోల్టులతో గట్టిగా బిగించవచ్చు. రేకు శరీరమే చట్రంగా ఉన్న చిన్న కార్లకు బంపరు దగ్గర హుక్కు వెల్డింగు చేయించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

1980లలో వచ్చిన ఎంఎం540లో 2,112 సీసీల పెజో డీజిలు ఇంజను ఉండేది, దాని బలం సుమారు 60 అశ్వశక్తి. తర్వాతి మహీంద్రా బళ్లలో వచ్చిన 2,523 సీసీల ఇంజను తక్కువ వేగంలో గట్టిగా లాగుతుంది. జిప్సీ తేలిక బండి. 970 సీసీల తొలి జిప్సీ కన్నా 1996 తర్వాతి 1,298 సీసీల బండి మేలు. అయినా నలుగురు మనుషులను ఎక్కించుకున్న జిప్సీకి 300 కిలోలకు మించిన ట్రైలర్ కట్టకపోవడమే క్షేమం.

బండి వయసు ఇరవయ్యో ముప్పయ్యో ఉన్నంత మాత్రాన భయపడనక్కర్లేదు. ఏ భాగం ఎప్పుడు మార్చారో తెలియకపోవడం అసలు ప్రమాదం. రేడియేటరు లోపలి గొట్టాలు సగం పూడిపోయి ఉంటే మైదానంలో ఆ సంగతి బయటపడదు. ట్రైలర్ కట్టి ఎండలో ఘాట్ ఎక్కేటప్పుడే సూది ఎర్రగీత దాటుతుంది. ఫ్యాన్ బెల్టు, నీటి గొట్టాలు, థర్మోస్టాట్ ముందే చూపించాలి. క్లచ్ పరీక్ష సులువు: మూడో గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజను శబ్దం పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు అరిగినట్టే. వెనక కమాన్లు కుంగి ఉంటే ట్రైలర్ బరువుకు జీపు ముందు భాగం తేలిపోతుంది. స్టీరింగు తేలికైనట్టు అనిపించడం, ఎదుటివారి కళ్లలోకి హెడ్‌లైట్లు కొట్టడం దాని గుర్తులు.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది బ్రేకు నూనె. డాట్ 3 రకం నూనె కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగిన నూనెలో ఆవిరి బుడగలు లేచి, పెడలు నేలకు తగిలినా బ్రేకు పడదు. నెలల తరబడి వాన కురిసే బైలాడిలా పక్కన ఉండేవారు రెండేళ్లకొకసారి ఆ నూనె మార్పించడం తప్పనిసరి. అయ్యే ఖర్చు ఒక్క టైరు ధర కన్నా చాలా తక్కువ.

ట్రైలర్

మంచి ట్రైలరుకు మొదటి గుణం తేలికదనం. మొత్తం బరువు, అంటే బండి, సామాను, నీళ్లు కలిపి, 400 నుంచి 500 కిలోల్లో ఉంచాలి. ఐరోపా దేశాల్లో సొంత బ్రేకులు లేని ట్రైలరుకు 750 కిలోలు గరిష్ఠ పరిమితి. అది చల్లని దేశాల్లో, మంచి రోడ్ల మీద, కొత్త కార్ల కోసం పెట్టిన హద్దు. బస్తరు ఘాట్లలో పాత డ్రమ్ము బ్రేకుల జీపుకు అంత బరువు కట్టకూడదు. 500 కిలోలు దాటేట్టయితే ట్రైలరుకే ఓవర్‌రన్ బ్రేకు ఉండాలి. లాగే బండి వేగం తగ్గినప్పుడు ట్రైలర్ ముందుకు తోసే బలంతోనే ఆ బ్రేకు పడుతుంది.

బరువు తెలియకుండానే పెరుగుతుంది. ఎనిమిది అడుగులకు నాలుగడుగుల ప్లైవుడ్ షీటు 12 మిల్లీమీటర్లదైతే ఒక్కొక్కటి ఇరవై కిలోలకు పైనే తూగుతుంది. రెండు క్యాన్ల నీళ్లు నలభై కిలోలు. చిన్న గ్యాసు సిలిండరు, పొయ్యి, గిన్నెలు, బియ్యం, పప్పులు కలిస్తే మరో నలభై. బ్యాటరీ, స్పేర్ టైరు, పరుపు, గుడారం లెక్కలోకి రానే రాలేదు. అందుకే మొదటి ప్రయాణానికి ముందు అన్నీ సర్దిన ట్రైలర్‌ను కాటా వేయించాలి. లారీల ఊరిలో వేబ్రిడ్జికి కొదవ ఉండదు. కాటా చీటీ చూశాకే చాలామందికి మడత మంచం, రెండో టేబులు అనవసరమని తెలుస్తుంది.

మొత్తం బరువు ఎంత ముఖ్యమో, అది ఎక్కడ కూర్చుందన్నదీ అంతే ముఖ్యం. హుక్కు మీద పడే బరువు ట్రైలర్ బరువులో సుమారు పదో వంతు ఉండాలి. 400 కిలోల ట్రైలరుకు 40 కిలోలు. మనుషుల బరువు చూసే చిన్న యంత్రం మీద చెక్కముక్క నిలబెట్టి, దాని మీద ట్రైలర్ ముక్కును ఆనిస్తే ఈ అంకె ఇంటి దగ్గరే తెలుస్తుంది. నీళ్ల క్యాన్లు, బ్యాటరీ లాంటి బరువులు ఇరుసుకు కాస్త ముందు, నేలకు దగ్గరగా పెట్టాలి. వెనక భాగం బరువెక్కితే వేగంలో ట్రైలర్ తోక కుడి ఎడమలకు ఊగడం మొదలుపెడుతుంది. ఊగుతున్నప్పుడు బ్రేకు గట్టిగా తొక్కడం, స్టీరింగుతో సరిచేయబోవడం రెండూ కీడే చేస్తాయి. యాక్సిలరేటర్ మీది కాలు మెల్లగా తీసి, స్టీరింగు నిటారుగా పట్టుకుని, వేగం దానంతట అదే తగ్గేదాకా ఓపిక పట్టాలి. సరిగా సర్దిన బండితోనైనా మైదానంలో గంటకు 50 కిలోమీటర్లు చాలు.

ట్రైలరుకు జీపు చక్రాలే పెట్టించడం ఉత్తమం. ఒకే కొలత రిమ్ము, ఒకే బోల్టుల వరస ఉంటే ఒక్క స్పేర్ టైరు రెండింటికీ సరిపోతుంది. దంతెవాడ దాటాక ఇది సౌకర్యం స్థాయి నుంచి అవసరం స్థాయికి వస్తుంది. ట్రైలర్ టైర్లు అరిగి పాడవడం అరుదు, నిలిచి నిలిచి పగుళ్లిస్తాయి. టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పూలు బాగున్నా పదేళ్లు దాటిన టైరును కొండదారికి తీసుకెళ్లకూడదు.

హుక్కులో రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. ట్రాక్టరు ట్రాలీలకు వాడే కన్నం, పిన్ను పద్ధతి మన మెకానిక్కులకు బాగా తెలుసు. దాంట్లో వదులు ఎక్కువ కావడంతో ప్రతి గతుకుకూ లటలటమని కొట్టుకుంటుంది, కాలక్రమంలో కన్నం సాగిపోతుంది. బంతి, గిన్నె పద్ధతి మెత్తగా నడుస్తుంది. అయితే ఐరోపా బంతి 50 మిల్లీమీటర్లు, అమెరికా బంతి రెండంగుళాలు, అంటే 50.8 మిల్లీమీటర్లు. తేడా కంటికి ఆనదు, కానీ ఒక కొలత బంతికి మరో కొలత గిన్నె జత చేయకూడదు. ఏ పద్ధతైనా రెండు గొలుసులు హుక్కు కింద ఒకదాన్నొకటి దాటేలా కట్టాలి. హుక్కు ఊడితే ట్రైలర్ ముక్కు రోడ్డులో దిగబడకుండా ఆ గొలుసుల ఒడిలో పడుతుంది.

కరెంటు లెక్క చిన్నదే. ఒక ఎల్‌ఈడీ దీపం, పన్నెండు వోల్టుల ఫ్యాను, రెండు ఫోన్లు కలిపి రాత్రికి సుమారు 150 వాట్ అవర్లు తింటాయి. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి, రెండు రాత్రులకు 65 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సరిపోతుంది. దాన్ని జీపు బ్యాటరీతో కలిపేసి వాడితే మూడో రోజు ఉదయం జీపే లేవదు.

ఎక్కుడు, దిగుడు

ట్రైలర్ కట్టాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న, బండి లాగుతుందా అని. లెక్క చూద్దాం. మనుషులతో సహా జీపు 1,500 కిలోలు, ట్రైలర్ 500 కిలోలు, మొత్తం రెండు టన్నులు అనుకుందాం. పదిహేనడుగులకు ఒక అడుగు లేచే వాలులో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి, టైర్ల రాపిడితో కలిపి, చక్రాల దగ్గర పదమూడు అశ్వశక్తి చాలు. ముప్పయ్యేళ్ల ఇంజను సగం నీరసించినా అంత బలం ఇస్తుంది. ఎక్కేటప్పుడు కావలసింది ఓర్పు, నిండా నీళ్లున్న రేడియేటరు. సూది పైకి పోతుంటే ఎడమ పక్క ఆపి, ఇంజను ఆపకుండా కాసేపు తిరగనివ్వాలి. వేడి మీదున్న రేడియేటరు మూత తీయరాదు.

దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. అదే రెండు టన్నుల బరువు 400 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు 78 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. పాతిక లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా తేవడానికి సరిపోయే వేడి అది. గేరు సాయం లేకుండా దిగితే దాదాపు అంతా నాలుగు బ్రేకు డ్రమ్ముల్లోకి చేరుతుంది. వేడికి డ్రమ్ము వ్యాకోచించి లైనర్లకు దూరమవుతుంది, లైనర్ల పట్టు జారుతుంది, చివరికి నూనె మరుగుతుంది. ట్రైలర్ లేని రోజుల్లో ఇదే ఘాట్‌ను ఇదే జీపు వందసార్లు దిగి ఉండవచ్చు. వెనక చేరిన 500 కిలోలు డ్రమ్ములకు మూడో వంతు అదనపు వేడి తెచ్చిపెడతాయి.

అందువల్ల వాలు మొదలయ్యే ముందే గేరు తగ్గించాలి, మధ్యలో కాదు. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ ఆ గేరే అన్నది పాత డ్రైవర్ల సూత్రం. ట్రైలర్ ఉంటే దానికన్నా ఒకటి తక్కువ. పైగా డీజిలు ఇంజను గాలి దారిని మూయదు కాబట్టి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెట్రోలు ఇంజనంత పట్టు ఇవ్వదు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, వేగం పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా తొక్కి, తగ్గాక పూర్తిగా వదిలేయాలి. ఆ వదిలిన సమయంలోనే డ్రమ్ములు చల్లబడతాయి. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటు కొందరు డ్రైవర్లకు ఇప్పటికీ ఉంది. ట్రైలర్ ఉన్నప్పుడు దానంత ప్రమాదం మరొకటి లేదు. ఇంజను ఆపి దించడం ఇంకా ఘోరం, ఎందుకంటే బ్రేకుకు సాయపడే వాక్యూమ్ రెండు మూడు తొక్కులతో అయిపోతుంది. పొడి తారు మీద ఫోర్ వీల్ వేసి మలుపులు తిప్పితే పాత జీపుల గేర్లు బిగుసుకుంటాయి. దాన్ని ఇసుకకీ బురదకీ దాచుకోవాలి.

హెయిర్‌పిన్ మలుపుల్లో ట్రైలర్ చక్రం జీపు చక్రం నడిచిన దారిలో నడవదు, మలుపు లోపలి అంచుకు జరుగుతుంది. లోపలి పక్క కాలవో రాళ్లో ఉంటే జీపు దాటిపోయినా ట్రైలర్ అందులో పడుతుంది. ఎదురుగా ఖనిజం లారీలు లేవని చూసుకుని, హారన్ కొట్టి, వెడల్పుగా తిప్పాలి. ఇక రివర్సు విషయానికి వస్తే, స్టీరింగు కింది భాగాన్ని చేత్తో పట్టుకుని ట్రైలర్ ఏ పక్కకు పోవాలో చేతిని ఆ పక్కకు జరపడమే కిటుకు. చిన్న ట్రైలర్ పెద్దదానికన్నా త్వరగా వంకర తిరుగుతుంది కాబట్టి రివర్సులో చిన్నదే కష్టం. ఖాళీ మైదానంలో ఒక పూట సాధన చేస్తే వస్తుంది. రాకపోతే, ట్రైలర్ విప్పి చేత్తో తోసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. తేలిక బండి కట్టుకున్నది అందుకే కదా.

కాగితాలు

1988 నాటి మోటారు వాహనాల చట్టం దృష్టిలో ట్రైలర్ కూడా వాహనమే. 61వ సెక్షన్ ప్రకారం దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని నంబరు పక్క భాగాన కనిపించాలి, లాగే బండి నంబరు కూడా ట్రైలర్ మీద ఉండాలి. సొంత వాడకానికి ఉంచుకున్న క్యాంపర్ వ్యాను, ట్రైలర్‌లను 2004 నాటి కేంద్ర ప్రకటన రవాణాయేతర వాహనాల్లో చేర్చింది. అద్దెకు తిప్పితే అది రవాణా వాహనం అవుతుంది. దంతెవాడ జిల్లా బళ్ల నంబర్లు సీజీ 18తో, జగ్దల్‌పూర్ బళ్లవి సీజీ 17తో మొదలవుతాయి.

చిక్కంతా ఇంటి దగ్గర వెల్డింగు చేయించుకున్న ట్రైలర్లతోనే. రిజిస్ట్రేషన్ చేయాలంటే తయారీదారుకు నమూనా ఆమోదం ఉండాలన్నది నియమం. కాబట్టి ఆమోదం ఉన్న తయారీదారు దగ్గర చట్రం, ఇరుసు, పత్రాలతో సహా కొని, లోపలి అమరిక మాత్రమే సొంతంగా చేసుకోవడం తలనొప్పి లేని దారి. డబ్బు పెట్టకముందే ఆర్టీవో కార్యాలయంలో అడగాలి. బీమాలోనూ ట్రైలర్‌ను విడిగా చేర్పించుకోవాలి.

సొంత బండికి పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ పరీక్ష చేయించి ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఈ రుసుము బాగా పెరిగింది. ప్రభుత్వ శాఖల, ప్రభుత్వ రంగ సంస్థల బళ్లకు మాత్రం 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ల తర్వాత పొడిగింపు లేదు, అవి తుక్కుకే పోవాలి. వేలంలో సర్కారు జీపు కొని బాగుచేసుకునే పాత దారి దీంతో ఇరుకైంది. మిగిలి ఉన్న ప్రైవేటు జీపులను జాగ్రత్తగా చూసుకోవడానికి ఇదొక అదనపు కారణం.

విడిది చోట్లు

ఒక్క రాత్రి విడిదికి బార్సూర్ అనువైనది. బచేలి నుంచి దంతెవాడ, గీదం మీదుగా ఒక పూట ప్రయాణం. ఛిందక నాగరాజుల కాలపు మామా–భాంజా గుడి, ముప్పై రెండు స్తంభాల బత్తీసా గుడి, పెద్ద వినాయక విగ్రహాలు అక్కడున్నాయి. ఆ రాజుల కాలపు తెలుగు శాసనం కూడా అక్కడ దొరికింది. పదకొండో శతాబ్దంలో ఇంత లోపలి అడవిలో తెలుగు రాత చెక్కించుకున్నారంటే ఈ నేలకూ మనకూ ఉన్న సంబంధం ఎంత పాతదో తెలుస్తుంది. దగ్గర్లోనే సాత్‌ధార్, ఇంద్రావతి పాయలుగా చీలి రాళ్ల మధ్య పారే చోటు. దారిలో దంతెవాడలో శంఖిని, డంకిని నదుల సంగమాన దంతేశ్వరి ఆలయం ఉంది. ఓరుగల్లు నుంచి వచ్చిన అన్నమదేవుడి వంశం కొలిచిన దేవత ఆమె.

రెండు రాత్రులుంటే చిత్రకోట్. బచేలి నుంచి జగ్దల్‌పూర్ మీదుగా సుమారు 150 కిలోమీటర్లు, ట్రైలర్‌తో నాలుగు గంటలకు తక్కువ పట్టదు. ఇంద్రావతి అక్కడ దాదాపు 29 మీటర్ల ఎత్తు నుంచి గుర్రపు నాడా ఆకారంలో దూకుతుంది. రాష్ట్ర పర్యాటక శాఖ విశ్రాంతి గృహం ఉంది కాబట్టి, ట్రైలర్ నిలపడానికి అక్కడివారిని అడగవచ్చు. జగ్దల్‌పూర్‌కు దక్షిణాన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం ఉంది. 1982లో ప్రకటించిన ఆ వనంలో తీర్థగఢ్ జలపాతం, కుటుంసర్ గుహ చూడదగినవి. గుహను వానాకాలంలో మూసేస్తారు. ఆ లోయలోని ధుడ్‌మరాస్ గ్రామస్థులు సొంతంగా ఇళ్లలో బస, వెదురు తెప్పల మీద విహారం నడుపుతున్నారు. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ తన ఉత్తమ గ్రామాల అభివృద్ధి పథకానికి ఆ ఊరిని ఎంపిక చేసింది. పర్యాటకుల డబ్బు నేరుగా ఊరికి చేరే ఇటువంటి చోట విడిది చేయడం అన్నివిధాలా మేలు.

దగ్గరగా చూస్తే ఫరస్‌పాల్ పక్కన ఢోల్‌కల్ శిఖరం ఉంది. కొండ కొమ్మున కూర్చున్న మూడడుగుల వినాయకుడి రాతి విగ్రహాన్ని 2017లో ఎవరో లోయలోకి తోసేస్తే, ముక్కలు ఏరి అతికించి తిరిగి నిలబెట్టారు. అక్కడికి కాలినడకే. ట్రైలర్‌ను కింద ఊళ్లో నమ్మకమైనచోట వదిలి వెళ్లాలి.

అడవిలో ఉండటం

ఇది రాజ్యాంగపు ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఆదివాసీ ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు తన నేల మీద మాట చెప్పే హక్కు ఇచ్చింది. కాగితం మీది హక్కు సంగతి ఎలా ఉన్నా, చీకటి పడకముందే ఊళ్లోకి వెళ్లి సర్పంచినో పటేలునో అడిగి, వాళ్లు చూపిన చోట ట్రైలర్ నిలపడం మర్యాద. దేవగుడి తోపుల్లో, దంతెవాడ–బచేలి దారిలోని గామావాడ లాంటి చోట్ల పూర్వీకుల స్మారక రాళ్ల దగ్గర విడిది చేయకూడదు. జీలుగ చెట్టుకు తాడు కట్టకూడదు. ఇక్కడ సల్ఫీ అనే ఆ చెట్టు ఒక కుటుంబపు ఆస్తి. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పచెట్టు కింద పడుకోవడం ప్రమాదం. ఆ పూల కోసం తెల్లవారుజామున ఎలుగుబంట్లు వస్తాయి, వాటికన్నా ముందో వెనకో ఏరుకునే ఆడవాళ్లు, పిల్లలు వస్తారు. ఆ చోటు వాళ్లది.

రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1927 అటవీ చట్టం కింద నేరం. అభయారణ్యాల్లో అనుమతి లేకుండా ప్రవేశించడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. కట్టెల మంట మోజు ఉన్నవారు ఊరి హద్దులో, అడిగిన తర్వాతే వేసుకోవాలి. వంటకు గ్యాసు పొయ్యి చాలు. దాన్ని మూసిన ట్రైలర్ లోపల వెలిగించకూడదు, చలికి బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని తలుపు మూయడం అసలే కూడదు. డిసెంబరు, జనవరిల్లో ఇక్కడి రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతుంటాయి. కిటికీ రెండంగుళాలు తెరిచి ఉంచితే లోపలి రేకుకు చెమ్మ పట్టి పరుపు తడవడం తగ్గుతుంది.

మలేరియా ఈ ప్రాంతాన్ని తరాలుగా పీడించింది. 2020లో మొదలైన ‘మలేరియా ముక్త్ బస్తర్’ ఉద్యమంలో ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేశారు. ఆ జబ్బు తగ్గింది గానీ పోలేదు. మందు పట్టించిన దోమతెర మంచం చుట్టూ దోపుకోవాలి, తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే అడవికి వెళ్లిన సంగతి వైద్యుడికి చెప్పాలి. నేల మీద పడుకునేవారికి కట్లపాము భయం ఉంటుంది. ట్రైలర్ పడక ఆ భయాన్ని చాలావరకు తీసేస్తుంది, ఈ విహారపు గొప్ప లాభాల్లో అదొకటి. బచేలిలో ఎన్‌ఎండీసీ అపోలో ఆసుపత్రి, దంతెవాడలో జిల్లా ఆసుపత్రి ఉన్నాయి.

దశాబ్దాల పాటు మావోయిస్టు హింసను, దానికి ప్రతిగా సాగిన చర్యలను చవిచూసిన నేల ఇది. ప్రధాన రహదారులు వదిలి లోపలి దారులు పట్టేముందు స్థానిక ఠాణాలో చెప్పాలి. రాత్రి ప్రయాణం పెట్టుకోకూడదు.

వానాకాలంలో

జూన్ నడుమ నుంచి సెప్టెంబరు చివరిదాకా ట్రైలర్ కదలదు. ఎర్రటి ఖనిజపు ధూళి తడిసి చట్రం మూలల్లో పేరుకుంటే తుప్పు లోపలి నుంచి తింటుంది కాబట్టి, దాచే ముందు అడుగు భాగాన్ని నీటి ధారతో కడిగి, ఆరాక గ్రీజునో పాత ఇంజను నూనెనో పట్టించాలి. చక్రాల బేరింగులు విప్పి, పాత గ్రీజు తుడిచి కొత్తది నింపాలి. వాగు దాటిన ట్రైలర్ అయితే ఇది వాయిదా వేయరాదు. ఇరుసు కింద దిమ్మలు పెట్టి టైర్లను నేల నుంచి లేపాలి. నీళ్ల క్యాన్లు ఖాళీ చేసి బోర్లించాలి. బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి నెలకొకసారి ఛార్జి చేయాలి. తలుపుల రబ్బరు అంచులకు టాల్కం పొడి రాసి, ఎలుకలు దూరే కన్నాలకు ఇనుప జల్లెడ కొట్టి, గాలి ఆడేటట్టు పైన టార్పాలిన్ కప్పాలి. ప్లాస్టిక్ షీటు చుట్టేస్తే లోపల చెమ్మ నిలిచి అక్టోబరుకల్లా ప్లైవుడ్ పొరలు ఊడతాయి.